నౌక పక్కన మసక

తెర మీద అంతరిక్ష నౌక కదులుతుండగా కెమెరామన్ ప్రొజెక్టర్ నిలిపాడు.

"ఏంటండీ మేస్త్రిగారూ, నౌక పక్కన ఆ పొగ?"

బొమ్మలు చేసే మేస్త్రి కళ్ళు నులుముకున్నాడు. మూరెడు బొమ్మను కొండంత నౌక అని నమ్మించాలంటే కెమెరా నత్తలా జరగాలి, ఒక్కో ఫ్రేమ్‌కి దాని కన్ను చాలాసేపు తెరిచే ఉంచాలి. రెప్పపాటు షాట్‌కి పూటంతా పట్టింది. ఆ పూటంతా ఆయన నౌక కిటికీల్లోని బల్బులు ఆరిపోకుండా కాపలా కాశాడు.

"ఎవరో అడ్డమొచ్చుంటారు. పనంతా మళ్ళీ మొదటికొచ్చింది, నా ఖర్మ."

"నడిచిపోయేవాళ్ళు ఇందులో పడరండీ. కదలకుండా చాలాసేపు నిలబడితేనే పడతారు."

మేస్త్రి విసుక్కుంటూ లేచి తెర దగ్గరికి వెళ్ళాడు. మసకలో ఒక ఆడమనిషి. భుజాన ప్రయాణపు సంచి. ఆ సంచి ఆయన ఇంట్లోదే.

ఇక మీతో వేగలేనంటూ అక్క ఇంటికి వెళ్ళిపోయిన భార్య మొన్న ఫోన్‌లో అంది: "చెప్పి వెళ్దామని స్టూడియోకి వచ్చాను. మీరు తల తిప్పలేదు."

"అలా వచ్చి ఇలా పోతే నాకెలా తెలుస్తుంది?" అని ఆయన అప్పుడు కసురుకున్నాడు.