తెల్లబడ్డ గోడ

"సున్నం ఎప్పుడు వేశావే? గోడ తెల్లబడిందిగా," అన్నాడు బసవయ్య పొలం నుంచి వస్తూనే.

సున్నం వేయని నాంచారమ్మ గోడ దగ్గరికి నడిచింది. కూతురి పురిటికని ఇద్దరూ కలిసి లేపిన మట్టిగోడల గది అది. చెరువుమట్టికి బండి బాడుగ దండగని, వానలకు ఉప్పు దిగిపోయి ఉంటుందనుకుని, ఇంటి వెనక ఉప్పుటేటి గట్టు మట్టే తట్టలతో మోసిందామె. మిగిలిన బాడుగతో గదికి తలుపు చేయించింది.

గోడ గోకి, వేలు నాలుకకు తగిలించుకుంది. ఉప్పు. అడుగున మట్టి పిండిలా రాలింది.

"ఇక తాటాకు కప్పించడమే. నీ పొదుపే మనల్ని ఒడ్డున పడేసింది," అన్నాడతను తలుపు నిమురుతూ.

"గోడ నిలవదు. వాన పడకముందే ఆ తలుపు ఊడదీసి దాచయ్యా."

"మరి అమ్మాయి పురుడు?"

"అత్తారింట్లోనే పోసుకోమని కబురు పెట్టు."