సన్నధార

"ఇంతకన్నా చిన్నవి లేవాన్నా?"

నంద్యాలలో రంగుచేపలమ్మే ప్రదీప్ చేతిలోని చిన్న వలను ఆపి, ప్రవళికను పైకీ కిందికీ చూశాడు.

"ఇంతకన్నా చిన్నవంటే కంటికి ఆనవక్కా. పెంచుకునేదానికా, ఎవరికన్నా చూపెట్టేదానికా?"

ఊరికే అన్న మాటే. అయినా ప్రవళిక చెవులు వేడెక్కాయి. సంకలోని పాపను ఈ పక్కనుంచి ఆ పక్కకు మార్చుకుని, గప్పీ పిల్లలు సరిగ్గా పద్దెనిమిది కావాలంది. వడ్లగింజంత ఉండాలి, అన్నీ బూడిదరంగువే.

పాతవి ఏమయ్యాయని అతనడిగితే ఫిల్టరు లాగేసిందని చెప్పింది. ఆ తొట్టి తనది కాదని మాత్రం చెప్పలేదు.

తొట్టి గీతాంజలి టీచరుది. ఆళ్లగడ్డలో ప్రవళిక వాళ్లు అద్దెకుండే ఇంటి పైభాగంలోనే ఆమె ఉంటుంది. చెల్లెలి పెళ్లికి గడివేముల పోతూ, పద్దెనిమిది చేపపిల్లల కోసం విడిగా పెట్టిన చిన్నతొట్టిని నాలుగు రోజులు చూసుకోమని తాళం ఇచ్చింది. మేత సంగతి కాక గట్టిగా చెప్పింది ఒక్కటే. గాజుకు వేలాడుతూ తొట్టి నీళ్లు లాగి వదిలే ఫిల్టరు డబ్బా నాబ్ సన్నధార మీదే ఉండాలి, పిల్లలు పుట్టి వారమే అయింది. తిరిగొచ్చాక తమ బడిలో ఆయా పనికి ప్రవళిక పేరు చెప్తానని కూడా అంది. ఎనిమిదితో చదువు మానేసిన ప్రవళికకు మళ్లీ బడి మెట్లెక్కే దారి అదొక్కటే.

రెండో రోజు నీళ్ల మీద తెట్టు కనిపించింది. పిల్లలకు ఊపిరాడదేమోనని భయమేసి, కాసేపటికే కదా అని నాబ్ పెద్దధారకు తిప్పింది. అంతలో కింద పాప ఏడ్చింది. ఒళ్లు పట్టుకుంటే వెచ్చగా ఉంది. ఆ గాభరాలో తొట్టి సంగతే మరిచింది. తెల్లారి వెళ్లి చూస్తే నీళ్లున్నాయి, నాచుంది. పిల్లలు లేవు.

ఫిల్టరు డబ్బా మూత మీద చెయ్యి వేసింది. లోపల నుజ్జయిపోయినవాటిని చూడాల్సొస్తుందని తీయలేకపోయింది. నాబ్ సన్నధారకు తిప్పేసి, జ్వరం తగ్గిన పాపనెత్తుకుని నంద్యాల బస్సెక్కింది.

"ఫోర్సు ఎంత పెట్టినావక్కా?" అన్నాడు ప్రదీప్, పిల్లల్ని కవరులోకి వంపుతూ. "సంకలో పిల్లనేసుకున్నదానివి, నీకు నేను చెప్పాల్నా? ఎదురీదే బలం వాటికి యాడుంటాది? డబ్బాలోంచి నీళ్లు పడే మూతికి ఈ స్పాంజి గట్టిగా కట్టు. ధార మెత్తబడతాది."

ఇంటికొచ్చి గట్టిగానే కట్టింది. కొత్త పిల్లలు అచ్చం పాతవాటిలాగే తిరుగుతున్నాయి. అలా ఉన్నందుకే ఆమెకు ఇంకా సిగ్గేసింది.

మరుసటి సాయంత్రం గీతాంజలి వచ్చింది. పెళ్లి లడ్డు పాప చేతిలో పెట్టి, తొట్టి ముందు వంగి, గాజు మీద వేలు కదుపుతూ లెక్కపెట్టింది.

"పద్దెనిమిది. ఒక్కటీ పోలేదా ప్రవళికా?"

చెప్పేయాలనే నోరు తెరిచింది. వచ్చిన మాట వేరు. "లేదు మేడమ్."

"నా చేతిలోనే రెండు మూడు పోతాయి. ఈ స్పాంజి ఎవరు కట్టినారు?"

"నేనే."

"నీ గురించి మా హెడ్‌మాస్టరుకు ఫోన్లో చెప్పేసినా. పసిపిల్లల్ని నమ్మి అప్పగించొచ్చు సార్, ఆ పిల్లకు అబద్ధం చేతగాదు అన్నా."

ప్రవళిక కాలివేళ్ల వంక చూసుకుంది. రేపు బడి గేటు దాటేటప్పుడు కూడా తల ఇలాగే వంగి ఉంటుందనిపించింది.

"మేడమ్, ఒక మాట..."

"ఉండు, నాలుగు రోజులైంది, ఫిల్టరు కడిగేస్తా" అంటూ గీతాంజలి స్విచ్ ఆపి, డబ్బా మూత తీసింది. తీసిన చెయ్యి అలాగే ఆగిపోయింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి, మళ్లీ లెక్కపెడుతున్నట్టు.

డబ్బాలో పద్దెనిమిది చేపపిల్లలు ఈదుతున్నాయి.