ఒక్క ఇల్లు

"ఈ సీసాకి కుళాయి నీళ్ళు కావాలమ్మా."

వాకిట్లో నిలబడ్డ ముసలాయన్ని హేమావతి ఎగాదిగా చూసింది. చొక్కాకి కుళాయి బొమ్మ బ్యాడ్జీ.

దామోదరం. వార్డు ఎన్నికల్లో మంచినీళ్ళ పార్టీ అభ్యర్థి. కుళాయిలో శుభ్రమైన నీళ్ళు రావాలి, అంతే. ఆ పార్టీకి ఇంకో కోరిక లేదు.

ఉప్పళం పేటలో ఎవరు నమ్ముతారు? ఇలాంటి పార్టీల వెనక ఎవరెవరుంటారో!

"నీళ్ళెందుకు?"

"టెస్టుకమ్మా. వీధంతా పట్టుకుంటా ఉండాను. కుళాయి యాడుంది?"

పెరట్లో కుళాయికి దొంగ మోటారు తగిలించి ఉంది. చూశాడంటే కనెక్షన్ పీకేస్తారు.

"ఈడే ఉండండి. నేనే తెస్తా."

మోటారు లేకుండా కుళాయి రాదు, వేస్తే చప్పుడు వీధిదాకా వినిపిస్తుంది. ఇంటి ముందుగదిలో తన అంగట్లో అమ్మకానికున్న కేను నీళ్ళు సీసాలో పోసి తెచ్చింది.

"కుళాయివే కదమ్మా?"

"కాకపోతే సముద్రంవా?"

ఆయన నవ్వి, సీసా మీద ఇంటి నంబరు రాసుకున్నాడు. ఆ నంబరు తలుచుకుని ఆమెకు మూడు రోజులు అన్నం సయించలేదు.

నాలుగో రోజు మళ్ళీ వచ్చాడు. ఆమె తలుపు తీయలేదు.

"ఏంది?" అంది కిటికీలోంచి.

"వీధిలో అందరి నీళ్ళలోనూ సాక్కడ కాలవ మురికి కలిసిందమ్మా. కాగబెట్టి తాగమని చెప్పినాను. మీ ఇంటివి మాత్రం బాగుండాయి. మీకు భయం లేదు."

మోటారు ఊసే లేదు! హేమావతి ప్రాణం లేచొచ్చింది. ఆపైన నవ్వొచ్చింది. కేను నీళ్ళకీ కుళాయి నీళ్ళకీ తేడా తెలియనివాడు టెస్టు చేశాడట! ఓట్ల కోసం భయపెడుతున్నాడు, అంతే.

ఇంట్లో ఎప్పటిలాగే కుళాయి నీళ్ళే తాగారు.

సోమవారానికి మనవరాలు మోనిక ఆసుపత్రిలో ఉంది. వాంతులు, విరేచనాలు. చేతికి సెలైను. వీధి మొత్తంలో మంచం పట్టింది ఆ పిల్లొక్కతే.

మధ్యాహ్నం వార్డు గుమ్మంలో దామోదరం కనిపించాడు.

"ఈడికి కూడా ఓట్లకొచ్చినారా?" హేమావతి మండిపడింది.

ఆయన చేతులు జోడించాడు. చొక్కాకి బ్యాడ్జీ లేదు.

"లేదమ్మా. మీ ఒక్క ఇంటికే కాగబెట్టమని చెప్పలేదు నేను. వీధంతా చెడినప్పుడు ఒక్క ఇల్లు ఎట్ల బాగుంటాదని అనుమానపడి ఉండాల. పడలేదు. తప్పు నాదే."

హేమావతి చూపు మోనిక చేతికున్న సెలైను మీదికి పోయింది.

"నీళ్ళ సంగతే తప్పు చెప్పినోడు ఇంక ఏ మొహం పెట్టుకుని ఓటడిగేది? నామినేషన్ వెనక్కి తీసుకునే వస్తా ఉండాను. పాప జాగ్రత్తమ్మా."

హేమావతి సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సీసాలోవి కేను నీళ్ళని చెప్పే ధైర్యం ఆమెకు వచ్చేసరికి, మంచినీళ్ళ పార్టీ మొత్తం ఒంటరిగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.