ఖాళీ గ్లౌజు

"ఔట్!" అంపైర్ పిడికిలి గాల్లోకి లేచింది.

దుమ్ములో మోకాళ్ల మీదున్న బేస్‌బాల్ క్యాచర్ ఉలిక్కిపడి తన గ్లౌజు చూసుకున్నాడు. పరుగు కోసం నేలమీద జారుతూ వచ్చిన, అవతలి జట్టులోని తన బావమరిదిని, తొక్కితేనే పరుగు లెక్కకొచ్చే హోమ్ ప్లేటు పలకను చేరేలోపే గ్లౌజుతో తాకిన మాట నిజమే. కాని బంతి గ్లౌజులో లేదు. మూడో బేస్ దగ్గరున్న తన జట్టువాడికి విసురుదామని కుడిచేతిలోకి తీసుకున్నాడు. ఈలోగా వాడు మీదికి వచ్చేస్తే, కంగారులో ఖాళీ గ్లౌజు చాపాడు. బంతితో తాకకపోతే ఔట్ కాదు.

అతను నోరు తెరిచేలోపే జట్టంతా వచ్చి భుజాలకెత్తుకుంది. ప్రింటింగ్ ప్రెస్ జట్టు బస్ డిపో జట్టు మీద కప్పు గెలిచింది. బావమరిది మాత్రం పల్లెత్తు మాట అనకుండా ప్యాంటు దులుపుకుని వెళ్లిపోయాడు.

"బంతిని గుప్పిట పట్టు. ఆ గుప్పిటను గ్లౌజులో దాచు. రెండు చేతులూ కలిపి తాకించు." కొత్తగా చేరిన క్యాచర్లకు పదేళ్లుగా తను అప్పజెప్పే పాఠమిది. మర్నాడు ప్రాక్టీసులో ఆ పాఠం ఇంకొకడికి అప్పగించి పక్కకు తప్పుకున్నాడు.

వారం తిరిగేసరికి భార్య కబురు మోసుకొచ్చింది.

"మా తమ్ముణ్ణి జట్టులోంచి తీసేశారట. డిపోలో అందరూ తాబేలూ తాబేలూ అని ఏడిపిస్తున్నారట. గెలిచినవాళ్లు మీరేగా, వెళ్లి ఓ మాట పలకరిస్తే మీ సొమ్మేం పోయింది?"

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. తిన్నగా డిపోకు వెళ్లాడు.

బావమరిది బస్సు కింద వెల్లకిలా పడుకుని బోల్టు బిగిస్తున్నాడు. క్యాచర్ పక్కనే చతికిలబడ్డాడు.

"ఒరేయ్, నువ్వు ఔట్ కాలేదురా. నీకు తగిలింది ఖాళీ గ్లౌజు."

పానా ఆగింది. "తెలుసు బావా. బంతి నీ కుడిచేతిలో ఉంది. చూశాను."

"చూశావా! మరి నోరు కుట్టేసుకున్నట్టు ఊరుకున్నావేంరా? వారం నుంచి నాకు ముద్ద దిగడం లేదు. పద, అంపైర్ దగ్గరికెళ్లి అంతా ఒప్పేసుకుంటాను."

బావమరిది గబగబా బయటికి పాకి, అటూ ఇటూ చూసి, గ్రీజు చేతుల్తోనే అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీకు పుణ్యముంటుంది, ఆ పని మాత్రం చెయ్యకు బావా! తాబేలన్నా పడతాను గానీ, ఆరా తీస్తే అసలు సంగతి బయటపడుతుంది. నేనసలు ప్లేటు తొక్కనే లేదు."