ఎవరింటికి రావాలి?

"నవ్వావా, లేదా? ముందు అది చెప్పు."

షేర్గాజీ రెండు చేతులూ బల్లమీద ఆనించి నిలబడ్డాడు. బల్లకు అవతల, అంబులెన్సు కోసం వచ్చే ఫోన్లు తీసే బురుల్ చెవికున్న ఫోను తీసి పక్కన పెట్టింది.

"నవ్వే ఉంటాను పెద్దాయనా. పదిరోజుల కిందటి మాట. ఇక్కడికొచ్చే ఫోన్లలో సగం ఆకతాయి పిల్లలవే."

"మా కోడలు ఐజమాల్ ఆటకు చెయ్యలేదు. అత్తకు గుండెల్లో నొప్పి, బండి పంపండి అంది."

"అంది. ఎవరింటికి రావాలమ్మా అన్నాను. మీ ఊళ్ళో ఇళ్ళకు నంబర్లు లేవాయె. తెల్లగడ్డం ఆయన ఇంటికి అంది. పేరు చెప్పమంటే, పొడుగ్గా ఉంటారు, బూడిదరంగు గుర్రం ఉంది అంటుంది. మూడుసార్లు అడిగాను. నాలుగోసారి..." బురుల్ ఆగింది.

"చెప్పు. నాలుగోసారి ఏమన్నావు?"

"ఆ గుర్రమెక్కించి తీసుకురమ్మన్నాను. పెట్టేశాను."

షేర్గాజీ పిడికిలి దెబ్బకు టీగిన్నె ఎగిరిపడింది.

"నువ్వు కిర్గిజ్ ఆడదానివేనా? ఒకింటి కోడలివి కావూ? నీ మామ పేరు నీ నోట ఎన్నడైనా పలికావా?"

బురుల్ ముఖం కందిపోయింది. "పలకలేదు. ప్రాణం మీదికొస్తే పలుకుతాను."

"కుర్చీలో కూర్చుని అందరూ పలుకుతారు! ఎనిమిది నెలల కిందట గడప తొక్కిన పిల్ల అది. మెట్టినింటి పెద్దల పేరెత్తడం పాపమని నూరిపోసి పంపింది వాళ్ళమ్మ. పక్కింటి ముసలమ్మ కోసం పొలాలన్నీ వెతికి, ఆమె చేత నా పేరు చెప్పించింది. అప్పుడు వచ్చింది మీ బండి. అప్పటికి నా ఇల్లాలు సైరకాన్ చల్లబడిపోయింది."

బురుల్ సొరుగులోంచి కాగితం తీసింది.

"ఫిర్యాదు రాసివ్వండి. పైవాళ్ళకు పంపుతాను."

"కాగితాన్నేం చేసుకోను? ఆ పిల్ల గొంతులో రొట్టెముక్క దిగడం లేదు. పేరు పలకలేక అత్తను చంపుకుందని ఊరంతా అంటోంది. నిన్న బట్టలు మూట కట్టుకుంది, పుట్టింటికి పోతుందట. నువ్వొచ్చి దాని ముందు, ఇరుగుపొరుగు ముందు, తప్పు నాదేనని చెప్పాలి."

"అలా చెబితే నా ఉద్యోగం పోతుంది."

"పోనీ!"

బురుల్ లేచి, పక్క బల్ల దగ్గరి అమ్మాయికి ఫోను అప్పగించి, తలకు గుడ్డ కట్టుకుంది. గుమ్మంలో నిలబడి అంతా విన్న అంబులెన్సు డ్రైవరు మారుమాట లేకుండా తన సొంత కారు తాళాలు తీశాడు. షేర్గాజీ ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

బజారు దగ్గర బురుల్ కారు ఆపించింది. మనిషి పోయిన ఇంటికి ఉత్తచేతులతో వెళ్ళకూడదని రెండు రొట్టెలు కొని, వేడి తగ్గకుండా చేతిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. షేర్గాజీ ఒక్క క్షణం మెత్తబడ్డాడు. మళ్ళీ దవడ బిగించాడు.

"మీ అబ్బాయి లేడా ఆ రోజు?" వెనకనుంచి అడిగింది.

"కొండమీద మందతో ఉన్నాడు."

"మరి పిల్ల ఒక్కతే..." ఆమె ఒళ్ళోని రొట్టెల మూట సరిచేసుకుంది. "దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెబుతాను పెద్దాయనా. పేరుదేముంది, వినాల్సినదాన్ని నేను వినలేదని చెబుతాను. పుట్టింటికి పోనివ్వను."

"నలుగురి ముందూ చెప్పాలి."

"నలుగురి ముందే చెబుతాను."

కారు ఊళ్ళోకి తిరిగింది. కళ్ళం పక్కన ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

"ఒకటి అడగనా?" అంది బురుల్. "మాకు ఫోన్ చేసే ముందు, మీ కోడలు దగ్గరలో ఇంకెవరికీ చెప్పుకోలేదా?"

"తప్పు నీది!" షేర్గాజీ గొంతు చించుకున్నాడు. "ఆడపిల్ల వణుకుతూ వచ్చి చెబితే వెటకారమా? మనుషులేనా మీరు?"

బురుల్ తల దించుకుంది.

సైరకాన్ పోయిన ఆ ఉదయం, అత్తకు నొప్పంటూ గడ్డికోత దగ్గరికి పరుగెత్తుకొచ్చిన కోడల్ని ముందుగా నవ్వి పంపేసింది షేర్గాజీయే.