శిక్షణకు అర్హత

మంచాన పడ్డవాళ్లను చూసుకునే ఇంటివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేయాలని నర్సు వరూధిని కోరిక. కొత్తవాళ్లకు పరిశోధనలో శిక్షణ ఇప్పించే ఒక ట్రస్టు ఇంటర్వ్యూకి బ్రూక్‌ఫీల్డ్‌లోని వాళ్ల ఆఫీసుకు వచ్చింది.

“ఇంతకుముందు పరిశోధన చేసినావా అమ్మా?” అడిగాడు ఛైర్మన్ హేమంత్‌కుమార్.

“లేదు సార్. నేర్చుకుందామనే వచ్చాను.”

“అనుభవమే లేనోళ్లకి శిక్షణ ఎట్ల ఇచ్చేది?”

“మరి పోయినేడాది ఎవరికిచ్చారు సార్?”

“మా కమిటీలో ఉండే ప్రొఫెసరుకే ఇచ్చినాం. ముప్పై ఏండ్ల అనుభవం ఆయనకి,” తృప్తిగా చెప్పాడాయన. “సరే, ఆ ఇంటివాళ్లను ఏమడుగుతావు?”

“మొదట, రాత్రి నిద్రపోయారా అని.”

ఆయన నవ్వాడు. “అది అడిగేదానికి శిక్షణ ఎందుకమ్మా?”

“అడగడానికి కాదు సార్, జవాబు వినడానికి.”

అంతలో ఆయన ఫోన్ మోగింది. భార్య అంబిక. పక్షవాతంతో మంచంలో ఉన్న ఆయన తల్లిని ఆమే చూసుకుంటోంది. ‘మీటింగులో ఉండాను’ అనబోయి ఆగాడు.

“అంబికా, రాత్రి నిద్రపోయినావా?”

అవతల ఆమె గొంతు భయంగా వినిపించింది.

“ఏమైంది మీకు? ఒంట్లో బాగానే ఉండాదా?”

ఫోన్ పెట్టేసిన హేమంత్‌కుమార్ తలెత్తలేదు.

“సోమవారం వచ్చి చేరమ్మా,” అన్నాడు.