కెలకడం రాని పిల్ల

ఇంటావిడ నల్లపెట్ట కింద కోడిగుడ్లతో పాటు ఒక బాతుగుడ్డు కూడా పెట్టి పొదిగించింది. పిల్లలు కాస్త నడకలు నేర్చాక పెట్ట అందరినీ పెంటకుప్ప దగ్గరికి తీసుకెళ్లి, కాలితో కెలికి పురుగులు ఏరుకోవడం నేర్పింది. కోడిపిల్లలు కెలికాయి, తిన్నాయి. బాతుపిల్ల కాలివేళ్ల మధ్య తోలు ఉంది. అది ఎంత కెలికినా పెంట కదల్లేదు.

"ఇంకోసారి కెలుకు," అంది పెట్ట.

సాయంత్రానికి బాతుపిల్ల పొట్ట వీపుకి అంటుకుపోయింది.

"దానికి చదువు రాదమ్మా, వదిలెయ్," అంది గోడ మీది పుంజు.

మర్నాడు పెట్ట ఏమీ నేర్పకుండా బాతుపిల్ల వెనకాలే నడిచింది. అది తిన్నగా అంట్లు తోమేచోటికి పోయి, బురదలో ముక్కు దూర్చి, ఒక వానపామును లాగి మింగేసింది.

"కెలకలేదు! ఇది చెల్లదు!" అని అరిచింది పుంజు.

"నేను నేర్పాల్సింది తినడం, పుంజుగారూ. నాకు కెలకడమే వచ్చు కాబట్టి అది నేర్పాను," అంది పెట్ట.

మధ్యాహ్నం ఎవరూ చూడట్లేదనుకుని పుంజు కూడా బురదలో ముక్కు పెట్టింది. ఏమీ దొరకలేదు. అందరూ చూశారు. దానికి చదువు రాదని మాత్రం ఎవరూ అనలేదు.